అడగకుండా వచ్చిన కార్డు

మచిలీపట్నం

చి. శ్రావణికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమందరం క్షేమం. నువ్వు, అల్లుడుగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మొన్న ఆదివారం నువ్వు ఫోనులో చెప్పిన సంగతి ఇంకా నా మనసులో తిరుగుతూనే ఉంది. నువ్వు ఏ దరఖాస్తూ పెట్టకుండానే, నీ పేరు అచ్చువేసిన క్రెడిట్ కార్డు ఒకటి కొరియరులో వచ్చిందని, "ఊరికే ఇచ్చారు కదా, ఉంచుకోనా నాన్నా" అని అడిగావు. నేను వద్దని ఒక్క ముక్కలో తేల్చేశాను. ముప్పైరెండేళ్లు బ్యాంకులో పనిచేసి, అందులో ఆరేళ్లు కార్డుల విభాగంలోనే గడిపినవాణ్ని, కారణం చెప్పకుండా వద్దనడం సబబు కాదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

అడగనివారికి కార్డు పంపడం ఈనాటి ఎత్తుగడ కాదు. బ్యాంకు క్రెడిట్ కార్డు జనంలోకి వచ్చిందే ఆ దారిన. 1958 సెప్టెంబరులో అమెరికాలోని బ్యాంక్ ఆఫ్ అమెరికా, కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫ్రెస్నో అనే ఊళ్లో సుమారు 60,000 మందికి ఎవరూ కోరకుండానే తపాలాలో కార్డులు పంపింది. ఆ ఊరినే ఎంచుకోవడానికి కారణం ఉంది. అక్కడి కుటుంబాల్లో దాదాపు సగానికి అప్పటికే ఆ బ్యాంకులో ఖాతాలున్నాయి. పైగా పథకం బెడిసికొట్టినా పెద్ద నగరాల్లో పరువు పోదు. ఊరికే పంచిపెట్టడానికీ కారణం ఉంది. కార్డు చేతిలో ఉన్నవాళ్లు లేకపోతే దుకాణదారు దాన్ని ఒప్పుకోడు. ఒప్పుకునే దుకాణాలు లేకపోతే జనం కార్డు అడగరు. ఈ చిక్కుముడి విప్పడానికి జోసెఫ్ విలియమ్స్ అనే అధికారి ఊరంతటికీ ఒకేసారి కార్డులు పంచి, దుకాణదారులకు కొనుగోలుదారులను సిద్ధంగా చూపించాడు.

ఆలోచన మంచిదే, లెక్కే తప్పింది. నూటికి నలుగురు బాకీ ఆలస్యం చేస్తారని అంచనా వేసుకుంటే, ఆలస్యం చేసినవాళ్లు నూటికి ఇరవై ఇద్దరు తేలారు. దొంగ కార్డులు, దొంగ సంతకాలు వచ్చిపడ్డాయి. ముఖం చూడకుండా ఇచ్చిన ఈ చిన్న చిన్న అప్పులను వసూలు చేసే యంత్రాంగమే బ్యాంకుకు లేదు. ఏడాది తిరిగేసరికి విలియమ్స్ రాజీనామా చేశాడు. అయినా బ్యాంకు కార్డును వదులుకోలేదు. వసూళ్లు చక్కబెట్టుకుని మూడేళ్లలోపే లాభాల్లోకి వచ్చింది. బ్యాంక్‌అమెరికార్డ్ అనే పేరుతో వచ్చిన ఆ కార్డే 1976లో వీసా అని పేరు మార్చుకుంది. దానికి పోటీగా 1966లో మరికొన్ని బ్యాంకులు కలిసి పెట్టుకున్న సంఘమే నేటి మాస్టర్‌కార్డ్.

ఫ్రెస్నో అనుభవం తరువాత కూడా బ్యాంకులు బుద్ధి తెచ్చుకోలేదు. 1966 క్రిస్మస్ ముందు షికాగో బ్యాంకులు పోటాపోటీగా లక్షల కార్డులు తపాలాలో కుమ్మరించాయి. పసిపిల్లల పేరున, కాలం చేసినవారి పేరున కూడా వెళ్లాయట. దారిలోనే దొంగల పాలైనవి మరెన్నో. చేతికే అందని కార్డు మీద బిల్లు వచ్చిన మనిషి గతి ఏమిటో ఊహించుకో. చివరికి 1970లో అమెరికా ప్రభుత్వం, అడగనివారికి క్రెడిట్ కార్డు పంపకూడదని చట్టం చేసింది.

మన తాతల కాలంలోనూ అరువు ఉండేది. కిరాణా కొట్టులో పద్దు రాసుకుని, పంట డబ్బు చేతికి రాగానే తీర్చేవారు. అక్కడ ఇచ్చేవాడికి, పుచ్చుకునేవాడికి ముఖపరిచయమే హామీ. పక్కూరి కొట్టులో ఆ పద్దు చెల్లదు. పరిచయం లేని ఇద్దరి మధ్య మూడోవాడు నిలబడి, "ఈయన బాకీకి నాది పూచీ" అని చెప్పడమే కార్డులోని కిటుకంతా. న్యూయార్క్‌లో 1950లో ఫ్రాంక్ మెక్‌నమారా, రాల్ఫ్ ష్నైడర్ పెట్టిన డైనర్స్ క్లబ్ చేసిన పని అదే. వాళ్ల మొదటి కార్డు ప్లాస్టిక్ కాదు, అట్టముక్క. భోజనశాలలో తిని సంతకం పెడితే క్లబ్బువాళ్లు ఆ భోజనశాలకు డబ్బు చెల్లించి, నెలాఖరున సభ్యుడి దగ్గర వసూలు చేసేవారు. మధ్యలో తమ కమీషన్ భోజనశాల దగ్గర మినహాయించుకునేవారు. మెక్‌నమారా పర్సు మరిచిపోయి హోటల్లో సిగ్గుపడ్డాడనీ, అందుకే కార్డు కనిపెట్టాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. ప్రచారం కోసం అల్లినదే అంటారు కాని, వినడానికి బాగుంటుంది.

మన దేశానికి డైనర్స్ క్లబ్ 1961లోనే వచ్చినా అది పెద్దవాళ్ల వ్యవహారం. బ్యాంకు కార్డులు మొదలైంది 1980లో సెంట్రల్ బ్యాంకుతో. మరుసటి ఏడాదే, మన బందరులో 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు కూడా క్రెడిట్ కార్డు తెచ్చింది. ఆ పేరు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది గాని, బందరువాణ్ని కనుక ఈ మాట రాయకుండా ఉండలేకపోయాను.

నేను కార్డుల విభాగంలో చేరేనాటికి దుకాణాల్లో మీటలు నొక్కే యంత్రాలు ఇంకా సరిగా రాలేదు. విజయవాడలో చీరల కొట్టువాడు బల్లకింద నుంచి ఇంప్రింటర్ అనే ఇనుప పలకను తీసేవాడు. కార్డును గాడిలో పెట్టి, దానిపైన కార్బన్ ఉన్న మూడు ప్రతుల స్లిప్పు పరిచి, పిడిని కుడికీ ఎడమకూ బలంగా లాగితే, కార్డు మీద ఉబ్బెత్తుగా ఉన్న అంకెలూ పేరూ స్లిప్పు మీద అచ్చుపడేవి. పాత కార్డుల మీద అంకెలు చేతికి తగిలేలా ఎందుకుండేవని చిన్నప్పుడు అడిగావే, ఇందుకే. ఒక ప్రతి కొన్నవారికి, ఒకటి కొట్టుకు, ఒకటి బ్యాంకుకు. అమ్మకం పెద్దదైతే బ్యాంకుకు ఫోను చేసి అనుమతి తీసుకోవాలి. చిన్నదైతే, పోయిన కార్డుల నంబర్లు అచ్చువేసిన చిన్న పుస్తకంలో వెతికి, అందులో లేకపోతే సరుకు ఇచ్చేయడమే. ఆ పుస్తకం అచ్చై కొట్టుకు చేరేలోగా దొంగ ఎన్ని చీరలైనా కొనుక్కోవచ్చు.

ఆ స్లిప్పులు మా బల్ల మీదికి కట్టలుగా వచ్చేవి. పిడి సరిగా లాగకపోతే 3 ఏదో 8 ఏదో తెలిసేది కాదు. చేరిన కొత్తలో ఒకసారి 8ని 3 అనుకుని రాసి పంపాను. మర్నాడు స్లిప్పు తిరిగి వచ్చింది. మా సూపరింటెండెంటుగారు కోప్పడలేదు. కాగితం తీసి, కార్డు నంబరులోని ఆఖరి అంకె ఖాతాది కాదనీ, మిగతా అంకెలకు కాపలాదారనీ లెక్కచేసి చూపించారు. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1950లలో కనిపెట్టిన పద్ధతి అది. 4531 అనే చిన్న సంఖ్యనే తీసుకో. కుడి నుంచి మొదలుపెట్టి ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేయాలి; రెట్టింపు రెండంకెలైతే ఆ రెండూ కూడాలి. 1 అలాగే ఉంటుంది, 3 రెట్టింపై 6 అవుతుంది, 5 అలాగే, 4 రెట్టింపై 8. మొత్తం 20. పదితో నిశ్శేషంగా భాగించబడింది కనుక సంఖ్య సరైనదే. తొందరలో 4351 అని రాశావనుకో, మొత్తం 13 వచ్చి తప్పు బయటపడుతుంది. ఆనాటి నుంచి చెరిగిన స్లిప్పు వస్తే 3 పెట్టీ 8 పెట్టీ కూడి చూసుకునేవాణ్ని. రెంటిలో ఒక్కటే కుదిరేది. ఇప్పుడు నువ్వు ఆన్‌లైన్‌లో ఒక అంకె తప్పుగా కొడితే తక్షణమే ఎర్ర గీత పడుతుందే, దాని వెనక ఉన్నది ఆ కూడికే.

కార్డు వెనక నల్లచార కథ వేరు. ఐబీఎం ఇంజనీరు ఫారెస్ట్ ప్యారీ 1960లలో అయస్కాంత టేపును ప్లాస్టిక్‌కు అతికించలేక సతమతమవుతూ ఇంటికి వస్తే, బట్టలు ఇస్త్రీ చేస్తున్న ఆయన భార్య ఆ ఇస్త్రీపెట్టెతోనే అంటించి చూడమన్నదట. చార అంటుకుంది గాని, అందులోని వివరాలు ఎప్పుడు గీసినా ఒకటే కనుక నకలు తీయడం సులభమైపోయింది. 1974లో రోలాఁ మొరేనో అనే ఫ్రెంచివాడు పేటెంటు తీసుకున్న చిప్పు దీనికి మందైంది. చిప్పు ప్రతి లావాదేవీకి ఒక కొత్త సంకేతాన్ని లెక్కకట్టి ఇస్తుంది కనుక నిన్నటిది దొంగిలించినా నేడు పనికిరాదు. ఫ్రాన్సు బ్యాంకు కార్డులన్నీ 1992 నాటికే చిప్పుకు మారాయి. మన రిజర్వ్ బ్యాంకు 2018 చివరిదాకా గడువిచ్చింది.

ఏటీఎం సంగతి వేరే ఉత్తరానికి తగినది. 1967 జూన్ 27న లండన్ శివారు ఎన్‌ఫీల్డ్‌లో బార్‌క్లేస్ బ్యాంకు పెట్టిన యంత్రాన్ని తయారుచేసిన జాన్ షెపర్డ్ బారన్ మన షిల్లాంగులో పుట్టినవాడు. రహస్య సంఖ్య ఆరంకెలుండాలని ఆయన అనుకుంటే, తనకు నాలుగుకు మించి గుర్తుండవని భార్య అన్నదట. మన దగ్గర ఏ బ్యాంకు కార్డుతోనైనా మరో బ్యాంకు ఏటీఎంలో డబ్బు తీయగలగడానికి కారణమైన నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ 2004లో మొదలైంది హైదరాబాదులోనే, మాసబ్ ట్యాంకు దగ్గర రిజర్వ్ బ్యాంకు నెలకొల్పిన పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీలో. ఆ రోడ్డున ఎన్నోసార్లు వెళ్లి ఉంటావు. తరువాత దాన్ని చేపట్టిన, దేశంలో చెల్లింపుల వ్యవస్థలు నడిపే ఎన్‌పీసీఐయే 2012లో రూపే కార్డును తెచ్చింది.

ఒక విషయంలో మాత్రం మనం అమెరికా కంటే ముందున్నామని నా అభిప్రాయం. ఆన్‌లైన్ చెల్లింపుకు కార్డు మీది వివరాలు చాలవనీ, రెండో ధ్రువీకరణ కావాలనీ రిజర్వ్ బ్యాంకు 2009 ఆగస్టు నుంచే నిర్బంధించింది. డల్లాస్‌లో మీ బాబాయి ఓటీపీ లేకుండానే సామాన్లు తెప్పించుకుంటూ మనల్ని చూసి నవ్వుతాడు. నవ్వనీ.

ఇక నీ కార్డు సంగతి. అమెరికాలో 1970లో వచ్చిన నిషేధం వంటిదే మనకూ ఉంది. రిజర్వ్ బ్యాంకు ఆదేశాల ప్రకారం అడగని కార్డు పంపకూడదు. పంపి బిల్లు వేస్తే ఆ మొత్తం రద్దు చేయడమే కాక, దానికి రెట్టింపు జరిమానాగా కార్డు అందుకున్నవారికి చెల్లించాలి. ముప్పై రోజుల్లో కార్డును చాలూ చేయకపోతే వాళ్లు ఓటీపీ ద్వారా నీ సమ్మతి అడగాలి. నువ్వు ఇవ్వకపోతే ఏడు పనిదినాల్లో ఖర్చు లేకుండా మూసేయాలి. కాబట్టి "మేడమ్, ఒక్క ఓటీపీ చెప్పండి చాలు" అని ఎవరు ఫోను చేసినా చెప్పవద్దు. అసలు ఫోను చేసినవాడు బ్యాంకువాడో కాదో కూడా నీకు తెలియదు.

కార్డే వద్దని నేను అనడం లేదు. కావాలంటే నీకు నచ్చిన బ్యాంకులో, షరతులు చదువుకుని నువ్వే అడిగి తీసుకో. గడువులోగా మొత్తం బిల్లు కట్టేవారికి అది నెలన్నర దాకా వడ్డీ లేని అప్పు. బిల్లులో కనీస మొత్తం అని చిన్నది ఒకటి రాస్తారు. అది కట్టి ఊరుకుంటే మిగిలిన బాకీ మీద ఏడాదికి నలభై శాతం దాకా వడ్డీ పడే కార్డులున్నాయి. మా రోజుల్లో కనీస మొత్తం మాత్రమే కట్టేవారిని మా విభాగంలో మంచి ఖాతాదారులనేవారు. ఎవరికి మంచో చెప్పనక్కరలేదు.

ప్రస్తుతానికి ఆ కార్డు వద్దని, మూసేయమని బ్యాంకుకు మెయిలు పంపు. ముప్పై రోజుల్లో సరైన జవాబు రాకపోతే, ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుము లేదు. మూసేసినట్టు రాతపూర్వకంగా వచ్చాక కార్డును చిప్పు మధ్యగా, నల్లచారకు అడ్డంగా కత్తిరించు. కొరియరు కవరు మాత్రం పారేయకు. దాని మీద తేదీ ఉంటుంది.

ఇట్లు,
నాన్న