ఔట్ గడి ఖాళీగా ఉందని నన్ను వెతుక్కుంటూ వచ్చిన మా రాత్రి సెక్యూరిటీకి

అందరికీ నమస్తే. ఆస్పత్రి నుంచి వచ్చి పన్నెండు రోజులైంది. కూర్చుని టైప్ చేసే ఓపిక ఇప్పుడే వచ్చింది, అందుకని మొదట ఇదే రాస్తున్నాను. మా బిల్డింగ్‌లో రాత్రి డ్యూటీ చేసే ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళ వల్ల నేను బతికాను. పేర్లు రాయొద్దన్నారు. నేను పిలిచే పిలుపులే రాస్తాను: పెద్దాయన బాపు, చిన్నాయన తమ్ముడు.

మా ఆఫీసు హనుమకొండ నక్కలగుట్టలో, నాలుగో అంతస్తు. అమెరికా ఆస్పత్రుల బిల్లింగ్ పని. సాయంత్రం ఆరున్నరకు ఎక్కితే తెల్లవారుజామున మూడున్నరకు దిగుతాం. నవంబర్‌లో అమెరికా వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుతారు కాబట్టి మా షిఫ్ట్ గంట ఆలస్యంగా మొదలవుతుంది, మళ్ళీ మార్చిలో మామూలే. మొదటిసారి ఇది చెప్పినప్పుడు బాపు రిజిస్టర్ మూసి చాలాసేపు ఆలోచించాడు. "వాళ్ళు జరుపుకుంటె జరుపుకోని బిడ్డా. మన కాడ పొద్దు జరగలే గదా" అని, గోడ గడియారం కింద కాగితం అతికించాడు: 'అమెరికా టైము మారింది, మనది మారలేదు'. ఆ కాగితం ఇప్పటికీ ఉంది.

బాపు మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. రెండేళ్ళుగా రోజూ చూస్తున్నా, ఐడీ కార్డు లేకుండా లోపలికి పంపడు. "నీ మొఖం నాకెరికే. రిజిస్టర్‌కు ఎరిక లేదు" అంటాడు. మా వరండాలో మనిషి కదిలితేనే వెలిగే సెన్సార్ లైట్లున్నాయి. ఒక్కోసారి అవి మొరాయిస్తాయి. రౌండ్స్‌కు వచ్చినప్పుడు బాపు ఒక్కో లైటు కింద ఆగి, లాఠీ పైకెత్తి రెండుసార్లు ఊపుతాడు. వెలగగానే "ఆఁ, మంచిగున్నవా" అని పలకరించి ముందుకు పోతాడు. మా టీమ్‌లో అందరం ఆ మాట కోసం చెవులు రిక్కించి ఉండేవాళ్ళం.

తమ్ముడు కానిస్టేబుల్ ఉద్యోగానికి చదువుతున్నాడు. గేటు తీసే ముందు ఒక ప్రశ్న అడుగుతాడు. "అక్కా, వేయి స్తంభాల గుడి ఎవరు కట్టిచ్చిండ్రు, ఏ సంవత్సరం?" రుద్రదేవుడు, 1163 అని చెప్తే గేటు తెరుచుకుంటుంది. తప్పు చెప్తే జవాబు చెప్పి, మర్నాడు మళ్ళీ అదే అడుగుతాడు.

ఇక ఆ రాత్రి సంగతి. నాలుగు రోజులు జ్వరం ఉండి, గురువారం తగ్గింది. తగ్గింది కదా అని శుక్రవారం డ్యూటీకి వెళ్ళాను. అది డెంగీ. జ్వరం దిగిన తర్వాతి ఒకటి రెండు రోజులే డెంగీలో అసలు ప్రమాదమని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. ఈ ఒక్క ముక్క ఇంట్లో అందరికీ చెప్పండి, నాకు తెలియక వెళ్ళాను. మూడున్నరకు మిగతా వాళ్ళు మొదటి క్యాబ్‌లో వెళ్ళిపోయారు. చేతిలో ఉన్న క్లెయిమ్ పూర్తి చేసి రెండో క్యాబ్‌లో వస్తానన్నాను. వరండాలో నీళ్ళ క్యాన్ దాకా నడిచినట్టు గుర్తు, అంతే.

తర్వాతది తమ్ముడు చెప్పగా విన్నాను. క్యాబ్ కింద హారన్ కొడుతోంది. నేను రాలేదు. బాపు రిజిస్టర్‌లో వేలు పెట్టి చూశాడట. మిగతా ఏడుగురి ఔట్ గడుల్లో టైము ఉంది, నాది ఖాళీ. ఫోన్ చేస్తే ఎత్తలేదు. లిఫ్ట్ కోసం ఆగకుండా, ఆ వయసులో నాలుగంతస్తులు మెట్లెక్కాడు. వరండా అంతా చీకటి. నేను కదలడం లేదు కాబట్టి లైట్లు ఆరిపోయాయి. ఆయన లాఠీ ఎత్తి ఊపాడు. లైటు వెలిగేసరికి నీళ్ళ క్యాన్ పక్కన నేను.

వెల్లకిలా పడుకోబెట్టి, తన డ్యూటీ బ్యాగు నా కాళ్ళ కింద పెట్టి ఎత్తుగా ఉంచాడు. తమ్ముడు 108కు ఫోన్ చేశాడు. గేటు వదిలేసి ఇద్దరూ రాలేరు, అందుకని తమ్ముడు అంబులెన్స్ ఎక్కాడు. నాకు తెలివి వచ్చి పోతోంది. అప్పుడు వినిపించింది: "అక్కా, కండ్లు మూయకు. రామప్ప గుడి యునెస్కో జాబితాలకు ఏ సంవత్సరం ఎక్కింది?" 2021 అన్నాను. "ఏ నెల?" జులై. దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు.

ప్లేట్‌లెట్లు 14 వేలే ఉన్నాయి, మామూలుగా లక్షన్నరకు తగ్గకూడదు. చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది కాబట్టి ఎక్కించాలన్నారు. నాన్న జమ్మికుంట నుంచి వచ్చేదాకా తమ్ముడు కుర్చీ దిగలేదు. తనదీ బీ పాజిటివే, ఇస్తానని బ్లడ్ బ్యాంక్‌కు పోయాడు. రాత్రంతా నిద్ర లేనివాళ్ళ దగ్గర తీసుకోం, పడుకుని రమ్మన్నారు. ఇంటికి పోతే ఆలస్యమవుతుందని ఆస్పత్రి వెనక వేపచెట్టు కింద బెంచీ మీద పడుకున్నాడు. మధ్యాహ్నం లేచి, అన్నం తిని, మళ్ళీ వచ్చాడు. మిషన్ రక్తంలోంచి ప్లేట్‌లెట్లు మాత్రమే తీసుకుని మిగతాది ఒంట్లోకి తిరిగి పంపుతుంది. గంటకు పైగా చెయ్యి కదపకుండా పడుకున్నాడట. మర్నాడు నా లెక్క 46 వేలకు వచ్చింది. మా అమ్మ ఆ అబ్బాయి రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. ఆమెకు మాట రాలేదు, ఆ మాట కూడా నేనే రాస్తున్నాను. తమ్ముడూ, నీకు మా ఇంట్లో ఎప్పుడూ ఒక కంచం ఉంటుంది.

ఆ రాత్రి అరగంట ఓపిగ్గా ఆగిన క్యాబ్ అన్నకు, 108 సిబ్బందికి, వార్డులో నర్సమ్మలకు కూడా నా దండాలు.

నిన్న లీవ్ కాగితం ఇవ్వడానికి ఆఫీసుకు వెళ్ళాను. బాపు ముందు కార్డు చూశాడు. తర్వాత నెత్తి మీద చెయ్యి పెట్టి కాసేపు అట్లాగే ఉన్నాడు. ఆ తర్వాత రిజిస్టర్ వెనక్కి తిప్పి ఆ శుక్రవారం పేజీ తీశాడు. నా పేరు ఎదురుగా ఔట్ గడిలో ఎర్ర పెన్నుతో '4:10, అంబులెన్స్' అని రాసి ఉంది. పక్కన సంతకం గడి ఖాళీ.

"సంతకం పెట్టు బిడ్డా" అన్నాడు. పెట్టాను.