సంక్రాంతికి స్టార్టర్ సెట్టు ఎందుకు ఇవ్వడం లేదంటే

మన దుకాణంలో స్ట్రెయిట్ రేజర్లు, అంటే పిడిలోకి మడిచే గడ్డం కత్తులు కొనేవాళ్లకు, ముఖ్యంగా పండక్కి స్టార్టర్ సెట్టు (కత్తి, తోలు పట్టీ, సానరాయి, పచ్చ పేస్టు కలిపి కొత్తవాళ్లకు ఇచ్చేది) కావాలని ముందే డబ్బు కట్టినవాళ్లకు ఈ సంగతి నేనే చెప్పాలి. ఆ సెట్టు ఆపేశాను. పండగ అయ్యాక కూడా పాత పద్ధతిలో మళ్లీ రాదు. మీరు కట్టిన డబ్బు మొత్తం, ఏ ఖాతా నుంచి పంపారో ఆ ఖాతాకే ఈ వారంలో వెనక్కి వేస్తున్నాం. ఎవరూ ఫోన్ చేసి అడగక్కర్లేదు.

ఇబ్బంది కత్తులతో వచ్చింది. వేరే రాష్ట్రంలో ఉన్న ఒక సప్లయర్ ఇన్నాళ్లూ మనకు కత్తులు పంపుతున్నాడు. అవి పైపై పదునుతో వస్తాయి. నేను ప్రతిదాన్నీ రాయి మీద నూరి, తోలు మీద లాగి, గడ్డానికి పనికొస్తుందని చూసుకున్నాకే పెట్టెలో పెడతాను. అందుకే ఈసారి వచ్చిన లాటు ఎలా ఉందో మీ ఇంటికి చేరకముందే, నా రాయి మీదే తెలిసిపోయింది. ఆ లాటులోని కత్తి ఒక్కటి కూడా ఎవరికీ అమ్మలేదు.

ఎలా తెలిసిందో కాస్త వివరంగా చెప్తాను. మీరు ఎక్కడ కత్తి కొన్నా పనికొస్తుంది. స్ట్రెయిట్ రేజర్‌ని రాయి మీద పడుకోబెడితే వెన్నూ (పదును లేని మందపాటి వైపు) అంచూ రెండూ ఆనాలి. పదును కోణాన్ని నిర్ణయించేది వెన్ను మందమే. 5/8 అంగుళాల వెడల్పున్న కత్తికి వెన్ను నాలుగున్నర మిల్లీమీటర్లుంటే కోణం సుమారు 16 డిగ్రీలు వస్తుంది. నూరేకొద్దీ వెన్నూ అంచూ కలిసి అరుగుతాయి కాబట్టి ఏళ్లు గడిచినా ఆ కోణం పెద్దగా మారదు. కొత్తవాడు కూడా ఇంట్లో పదును నిలుపుకోగలిగేది ఈ ఏర్పాటు వల్లే. అయితే అలుగు, అంటే పిడి కాకుండా ఉన్న ఉక్కు భాగం, తిన్నగా ఉండాలి.

తిన్నగా ఉందో లేదో చూడటానికి ఒక మార్కర్ పెన్ను చాలు. అంచు పొడవునా రెండు పక్కలా నల్లగా గీసి, చదునైన రాయి మీద ఒక్కసారి తేలిగ్గా తోయాలి. ఇంకు చెరిగిన చోట రాయి తగిలినట్టు, మిగిలిన చోట తగలనట్టు. ఈ లాటులో ఒక పక్క రెండు కొసల్లో ఇంకు చెరిగి మధ్యలో అలాగే ఉంది. తిప్పి రెండో పక్క తోస్తే మధ్యలో చెరిగి కొసల్లో మిగిలింది. అంటే అలుగే ఒక పక్కకి వంగి ఉంది. ఉక్కును ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చేటప్పుడు ఇలా వంగే అవకాశం ఉంటుంది. శ్రద్ధగా చేసేవాడు అక్కడే సరిచేస్తాడు, కుదరకపోతే పక్కన పడేస్తాడు. ఇవి పాలిష్ చేసుకుని, మెరుస్తూ మన దాకా వచ్చాయి. వాటిలో కొన్నిటి ఉక్కు కూడా మెత్తగా ఉంది. నా గడ్డం మీదే చూశాను. రెండు మూడుసార్లు గీసేసరికి పదును పోయి వెంట్రుకల్ని పీకడం మొదలుపెట్టాయి.

సప్లయర్‌కి ఫోన్ చేసి చెప్తే ఆయన అన్న మాట ఇది: "సార్, ఇవి కొనేవాళ్లలో నిజంగా గీసుకునేదెవరు? షోకేసులో పెట్టుకుంటారు. మీ కస్టమర్లకి తేడా తెలీదులెండి."

ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. రాజమండ్రి నుంచి, నిజామాబాద్ నుంచి అర్ధరాత్రి పూట అంచు ఫొటోలు పంపి "అన్నా, ఇది సరిగ్గా ఉందా" అని అడిగేవాళ్లు నా కస్టమర్లు. వాళ్లకు తేడా తెలియదని ఆయన ఎలా అనుకున్నాడు? సరుకు వెనక్కి తీసుకోమంటే మాత్రం సగం ధరే కట్టిస్తానంటున్నాడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని ఊరికే అనలేదు పెద్దలు.

ఇక నన్ను నిద్రపోనివ్వని విషయం. వంగిన కత్తిని బాగుచేయడం నాకు వచ్చు. వెడల్పు రాయి పక్కనపెట్టి, సన్నటి రాయి మీద కత్తిని ఏటవాలుగా, మడమ (పిడి వైపు చివర) నుంచి కొస దాకా తేలుస్తూ లాగితే అలాంటి అలుగుకీ మంచి పదునే వస్తుంది. దుకాణంలో పనిచేసే కుర్రాడు "అన్నీ అలాగే నూరి ఇచ్చేద్దాం సార్, గడ్డం అయితే గీస్తుంది కదా" అన్నాడు. మా ఆవిడ లెక్కల పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. పండగ నెలలో సెట్టు లేకపోతే అద్దెకు ఎంత తక్కువపడుతుందో ఆ పేజీలోనే ఉంది. ఇద్దరి మాటా అబద్ధం కాదు. ఆ కత్తులు నా దగ్గర్నుంచి పదునుగానే వెళ్తాయి. ఉక్కు మెత్తగా లేనివైతే మొదటి రెండు మూడు నెలలు మీరు కూడా సంతోషంగానే ఉంటారు.

ఆ తర్వాత పదును తగ్గుతుంది. అది ఏ కత్తికైనా తగ్గేదే. అప్పుడు మీరు ఎవరో చెప్పినట్టు చదునైన రాయి కొని, కత్తిని దాని మీద పడుకోబెట్టి నూరుతారు. మధ్యలో అసలు తగలదు. ఎంత నూరినా పదును రాదు, తోలు మీద ఎంత లాగినా రాదు. కత్తి వంకరని మీకు అనుమానం కూడా రాదు. "నా చేతికి ఈ విద్య రాలేదు" అనుకుని దాన్ని అల్మారాలో పడేస్తారు. నేర్చుకోవాలని ఇష్టంగా వచ్చిన మనిషి తన చేతిని తానే అనుమానించుకునేలా చేసే సరుకు నేను అమ్మను. తక్కువ ధరకిస్తాం, విషయం చెప్పే ఇస్తాం అన్నా అమ్మను. ఈ నిర్ణయానికి రావడానికి చాలా రోజులు పట్టింది. ఇప్పుడిక మారదు.

మన వాట్సాప్ గ్రూపులో ఒకరు "స్టాకు లేక కథలు చెప్తున్నారు" అని పెట్టారు. స్టాకు దుకాణంలోనే, అట్టపెట్టెల్లో ఉంది. ఎవరైనా రావచ్చు. మార్కర్ పెన్ను ఇస్తాను, మీరే గీసి చూడండి.

ఇక ముందు ఏం అమ్ముతామంటే, సెట్టుగా కాకుండా కత్తి వేరుగా, తోలు పట్టీ వేరుగా ఇస్తాం. సానరాయీ, పదును మెరుగుకు తోలు మీద పూసే పచ్చ పేస్టూ కొత్తవాళ్లకు ఇవ్వడం మానేస్తున్నాం. గీసుకోవడం, నూరడం రెండూ ఒకేసారి నేర్చుకోబోతే ఏది తప్పుతోందో తెలియదు. 1000 గ్రిట్ రాయి (అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు) మీద అంచు కట్టి, 4000, 8000 దాటించి 12000 మీద ముగించే పని మొదటి ఏడాది మాకు వదిలేయండి. మన దగ్గర కొన్న కత్తికి ఆ ఏడాది ఎన్నిసార్లయినా ఉచితంగా నూరి ఇస్తాం, పోస్టు ఖర్చు మీది. పేస్టు విషయంలో ఒక్క మాట: రోజూ వాడే తోలుకు పూయొద్దు. ఒకసారి పూస్తే అది మామూలు పట్టీగా ఇక పనికిరాదు.

కత్తి ఎంచుకోవడంలో నా మాట మారలేదు. వెడల్పు 5/8, కొస గుండ్రం, కార్బన్ ఉక్కు. చదరంగా ఉండే కొస చూడ్డానికి బాగుంటుంది కానీ చెవి దగ్గర గాటు పెట్టేది అదే. పిడి కొమ్ముదా ప్లాస్టిక్‌దా అని ఆలోచించి డబ్బు తగలేయకండి. కొత్త కత్తులు కొన్ని జర్మనీలోని జోలింగెన్ నుంచి తెప్పిస్తున్నాం. ఆ ఊరి పేరుకు అక్కడ 1938 నుంచి చట్టం రక్షణ ఉంది, అంటే అక్కడ చేయని కత్తికి ఆ పేరు వేయకూడదు. వాటికి ధర ఎక్కువ, దాచను. అంత పెట్టలేనివాళ్లకు జోలింగెన్, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ పాత కత్తులు బాగుచేసి ఇస్తాం. అంచు దగ్గర తుప్పు గుంటలున్నవీ, సన్నటి చీలిక ఉన్నవీ వాటిలో ఉండవు. మార్కర్ పరీక్ష చేసిన ఫొటో ప్రతి కత్తితోనూ పంపుతాం.

"అయితే సెలూన్లో వాడే సగం బ్లేడు రేజర్‌తో నేర్చుకోనా" అని చాలామంది అడుగుతున్నారు. వద్దనే నా సలహా. ఆ బ్లేడు పలచన, పదును కరుకు, చిన్న పొరపాటుకే తెగుతుంది. తోలు మీద లాగే పని దానికి ఉండదు కాబట్టి అసలు అలవాటు పడాల్సింది అందులో నేర్చుకోలేరు కూడా. పాత కత్తి సిద్ధమయ్యేదాకా ఓపిక పట్టండి.

తోలు పట్టీ మొదట ఖరీదైనది కొనకండి. మొదటి పట్టీకి గాట్లు పడటం మామూలే. లాగేటప్పుడు వెన్ను ముందు నడవాలి, చివర్లో కత్తిని వెన్ను మీదే తిప్పాలి, పట్టీ బిగువుగా ఉండాలి. వదులైతే అంచు గుండ్రబడుతుంది.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉన్నవాళ్లకు మరీ మరీ చెప్తున్నాను: కత్తిని బాత్‌రూమ్‌లో ఉంచకండి. సముద్రపు గాలికి కార్బన్ ఉక్కు ఒక్క రాత్రిలో మచ్చ పడుతుంది. గీసుకోవడం అయ్యాక మెత్తటి గుడ్డతో, అంచుకు తగలకుండా, వెన్ను వైపు నుంచి తుడవండి. పిడి సందులో నీళ్లు లేకుండా చూడండి. కాసేపు తెరిచే ఉంచి, తర్వాత కుట్టుమిషన్ నూనె పలచగా రాయండి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు కనరు వాసన కొడుతుంది. వానాకాలంలో తోలుకు బూజు పట్టకుండా గాలి తగిలేచోట వేలాడదీయండి.

డబ్బు వెనక్కి వద్దు, పాత కత్తి కోసం ఆగుతాం అనేవాళ్లు ఈ ఆదివారంలోపు దుకాణం నంబరుకు మెసేజ్ పెట్టండి. ఇప్పటిదాకా దేనితో గీసుకుంటున్నారో, కుడిచేతి వాటమో ఎడమో, గడ్డం బిరుసో మెత్తనో రాయండి, దాన్నిబట్టి కత్తి తీసిపెడతాను. నూరడం నా ఒక్కడి చేతి మీదే జరగాలి కాబట్టి చాలామందికి సంక్రాంతి దాటుతుంది. ఇంట్లో ఎవరికైనా కానుకగా ఇద్దామనుకున్నవాళ్లు అది చూసుకుని నిర్ణయించుకోండి.