మంత్రి గారూ, మా షెడ్డులో నాలుగోవాడు లేడు

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఇనుప సామాన్లు తిప్పి చెక్కే లేత్ షెడ్డొకటి నాకుంది. రెండు లేత్ మిషన్లు, ఒక డ్రిల్లింగ్ మిషను, ఒక వెల్డింగ్ సెట్టు. నేను, ఇరవై రెండేళ్లుగా నాతో ఉన్న మేస్త్రి, ఒక హెల్పరు. మొత్తం ముగ్గురం. లారీల ముందు చక్రాల కీలులో ఉండే కింగ్ పిన్ బుష్‌లు, అరిగిపోయిన షాఫ్టులు, పగిలిన హబ్బులు మా దగ్గరికొస్తాయి. అప్రెంటిస్‌ను, అంటే పని నేర్చుకునే కుర్రాణ్ణి, పెట్టుకునే దారి మాలాంటి చిన్న షెడ్లకు లేదు. దాని మీద ఈ ఉత్తరం రాయాలని రెండు నెలలుగా అనుకుంటున్నాను. "ఆ తీరికేదో ఉంటే రావాల్సిన బిల్లులు వసూలు చేసుకురావచ్చుగా" అంది మా ఆవిడ. అదీ నిజమే. అయినా రాస్తున్నాను.

ఈ మధ్య మా వీధిలో నలుగురు షెడ్డు యజమానులు టీ బండి దగ్గర నిలబడితే ఒకటే మాట. ఈ కాలం పిల్లలకు ఒళ్లు వంగదు. ఎనిమిదింటికి రమ్మంటే పదింటికొస్తారు. ఒక మాట గట్టిగా అంటే మర్నాడు కనపడరు. ఫోను జేబులో ఉండదు, చేతిలోనే ఉంటుంది. నేనూ ఆ టీ గ్లాసు పట్టుకుని ఇవే మాటలు చాలా ఏళ్లు అన్నాను, కాదనను.

పైవాళ్ల మాటా అంతే. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు మన యువత వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారి మాటలు బయటికొచ్చాయి. ఆయన ఏకంగా 90 గంటలన్నారు, ఆదివారాలు పనిచేయించలేకపోతున్నందుకు బాధపడ్డారు. అది చదివి వేళ్ల మీద లెక్కేశాను. రోజుకు దాదాపు పదమూడు గంటలు, వారంలో ఏడు రోజులూ. మా గురువు నాచేత చేయించింది కూడా దగ్గర దగ్గర అంతే. కాకపోతే అప్పుడు నాకు పన్నెండేళ్లు.

1981లో మా నాన్న నన్ను తెచ్చి ఆటోనగర్‌లో దింపాడు. వారానికి ఐదు రూపాయలు, మధ్యాహ్నం అన్నం. మొదటి ఏడాది మిషను మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. ఊడవడం, టీలు తేవడం, కిరసనాయిల్లో సామాన్లు కడగడం. రెండో ఏడాది ఇనుము చెక్కే టూలు సాన పట్టనిచ్చారు. సరిగ్గా పట్టకపోతే గూబ మీద ఒక్కటి. దేశంలో బాలకార్మిక చట్టం వచ్చింది 1986లో, అప్పటికి నాకు పదిహేడేళ్లు. నాకు దానితో పని తీరిపోయింది. ఇప్పుడు నేనెవరైనా పన్నెండేళ్ల పిల్లాణ్ణి తెచ్చి షెడ్డులో పెడితే జైలుకు పోతాను. పోవాలి కూడా.

ఆ దెబ్బలన్నీ ఎందుకు ఓర్చుకున్నాం అని ఇప్పుడు ఆలోచిస్తే, మాకు పని మీద భక్తి ఎక్కువై కాదండీ. దారి కళ్లముందు కనపడేది. అయిదేళ్లకు చెయ్యి తిరుగుతుంది, మేస్త్రి అవుతాం. పదేళ్లకు చీటీ పాడుకుని ఒక సెకండ్ హ్యాండ్ పంజాబు బటాలా లేత్ కొనుక్కుంటే మనమే యజమాని. నాకంటే ముందువాళ్లు అలాగే అయ్యారు, వాళ్లను చూసి నేనూ అయ్యాను. ఇప్పుడు మా వీధిలో షెడ్డు అద్దె కట్టి, కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ మిషను కొని నిలబడాలంటే ఎంతవుతుందో మీకు తెలియంది కాదు. ఆ లెక్క మా దగ్గరికొచ్చే కుర్రాళ్లకు ఇంకా బాగా తెలుసు. ఐటీఐ అయ్యేలోపే వేసేసుకుంటారు.

పోయినేడాది ఒక కుర్రాడు వచ్చాడు. పందొమ్మిదేళ్లు, ఐటీఐలో టర్నర్ చేశాడు. మొదటి రోజు షెడ్డంతా చూసి "బాత్రూం ఎక్కడ బాబాయ్?" అన్నాడు. నలభై ఏళ్లలో నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మేమందరం వీధి చివర కాలవ గట్టుకు పోయేవాళ్లం, ఇప్పటికీ పోతాం. వాడు పోలేదు. ఐటీఐ దాకా చదివిన పిల్లాడు అడిగినదాంట్లో తప్పేముంది? కానీ ఆ రోజు నాకు "వీడికి పొగరు" అనిపించింది. మా వీధిలో ఇంతవరకు ఒక్క ఆడపిల్ల కూడా లేత్ దగ్గర నిలబడకపోవడానికి సగం కారణం ఆ కాలవ గట్టే అని చాలా తర్వాత తట్టింది.

రెండు వారాలకనుకుంటాను, ఒక టిప్పరు కింగ్ పిన్ బుష్ చేస్తున్నాను. పై సైజు స్ప్రింగ్ కాలిపర్‌తో పట్టి చూసి సరిపోయిందన్నాను. వాడు తన సంచీలోంచి డిజిటల్ వెర్నియర్ తీసి పట్టి "బాబాయ్, ఎనిమిది పాయింట్లు ఎక్కువుంది" అన్నాడు. ఎనిమిది పాయింట్లంటే మిల్లీమీటరులో వందో వంతులు ఎనిమిది. వెంట్రుక మందం. కానీ ప్రెస్‌లో పెట్టి నొక్కితే బుష్ పగలడానికి అది చాలు. నలభై నాలుగేళ్ల చెయ్యి నాది, ఒళ్లు మండింది. మైక్రోమీటరు తెచ్చి చూశాను. వాడిదే రైటు. మా మేస్త్రి అటు తిరిగి నవ్వుకున్నాడు.

ఆ తర్వాత మూడో రోజున అదే కుర్రాడు ఒక షాఫ్టు పాడుచేశాడు. ఒక చెవిలో తెల్లబిళ్ల పెట్టుకుని పాటలు వింటూ టర్నింగ్ చేస్తున్నాడు. టూలు మొద్దుబారింది. మొద్దుబారితే మిషను శబ్దం మారుతుంది. సన్నగా ఈల వేసినట్టుండేది గీపెట్టడం మొదలుపెడుతుంది. తెల్లగా రాలే ఇనుప తురుము నీలం రంగులోకి తిరుగుతుంది. ఇవి ఏ పుస్తకంలో చదివినా చెవికీ కంటికీ అలవాటు కావాలి, దానికి నెలలు పడుతుంది. వాడు రంగూ చూడలేదు, శబ్దమూ వినలేదు. కస్టమరు అక్కడే కూర్చుని ఉన్నాడు. నేను మా గురువు భాషలో అందుకున్నాను.

వాడు మిషను ఆపి, చెవిలోది తీసి జేబులో వేసుకుని, కస్టమరు వెళ్లేదాకా ఆగి అప్పుడన్నాడు: "తప్పు నాదే బాబాయ్. తిట్టండి. కానీ బయటివాళ్ల ముందు వద్దు."

నేను మా గురువుతో ఆ మాట అనగలిగి ఉంటే ఎంత బాగుండేదో అని ఆ రాత్రి అనిపించింది. ఫోను విషయంలో మాత్రం నేను మారలేదు, మారను. సామానును పట్టి తిప్పే చక్ పక్కన ఫోను పట్టుకున్నవాణ్ణి ఆ రోజుకి ఇంటికి పంపేస్తాను. వేలు పోతే మళ్లీ మొలవదు. దీన్ని చాదస్తమనేవాళ్లు అనుకోనీండి.

నాలుగు నెలలకు వాడు మానేశాడు. గొడవేమీ పడలేదు. శనివారం బట్వాడా తీసుకుని "సోమవారం నుంచి రాను బాబాయ్" అని చెప్పి మరీ వెళ్లాడు. తర్వాత ఒక వానరాత్రి పదకొండున్నరప్పుడు బెంజి సర్కిల్ దగ్గర కనపడ్డాడు. వీపున పెద్ద సంచీ, ఒంటిమీద రెయిన్‌కోటు, ఫోను చుట్టూ ప్లాస్టిక్ కవరు. ఫ్లైఓవరు కింద నిలబడి పది నిమిషాలు మాట్లాడుకున్నాం. మధ్యాహ్నం పన్నెండుకు ఎక్కాడట బండి. పదకొండున్నర గంటలు. వీడికా ఒళ్లు వంగనిది?

వాడి లెక్క వాడు చెప్పాడు. నేనిచ్చింది నెలకు పదివేలు, అదీ "నేర్చుకునేవాడివి కదా" అని. ఇక్కడ పెట్రోలు పోను రోజుకు ఆరొందలు మిగులుతున్నాయి, వంట్లో బాగాలేకపోతే యాప్ ఆపుకుని పడుకోవచ్చు. చివర్లో ఇంకొకటన్నాడు. "అక్కడ నన్నెవరూ ఒరేయ్ అనరు బాబాయ్." నాకు రోషం వచ్చి "పదేళ్లు తిరిగినా అక్కడ నీకు పని రాదురా" అన్నాను. అన్నాక గానీ తెలియలేదు, మళ్లీ ఒరేయ్ అన్నానని. వాడు నవ్వాడు. కానీ పని రాదన్నదానికి మాత్రం జవాబు చెప్పలేదు. ఆర్డరు వచ్చింది, వెళ్లిపోయాడు.

మంత్రి గారూ, మా తరం పాటించిన ఒప్పందం ఒకటుండేది: ఇప్పుడు ఊరికే చెయ్యి, రేపు పని నీదవుతుంది. ఆ రేపు ఇప్పుడు మా చేతుల్లో లేదు. రేపు ఇవ్వలేనప్పుడు ఇవ్వాళ్టి చాకిరీ మాత్రం పాత ధరకే కావాలంటే పిల్లలు ఎందుకొస్తారు? వాళ్లను సోమరులంటున్నాం గానీ, బేరం కుదరని చోట లేచిపోయేవాణ్ణి వ్యాపారంలో తెలివైనవాడంటాం. వాళ్ల వైపు లోటు లేదనను. చెయ్యి తిరిగేదాకా నిలబడే ఓపిక తక్కువే. వీడియో చూస్తే వచ్చేసిందనుకుంటారు. మా దగ్గరికి ఇండస్ట్రియల్ ట్రైనింగ్ కాగితాలతో వచ్చే పాలిటెక్నిక్ పిల్లల్లో కొందరు మొదటి రోజే "సార్, ఆరు నెలలకూ ఒకేసారి సంతకం పెట్టేస్తారా?" అని అడుగుతారు. పెట్టను. పెట్టేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. అంటే ఆ పాపంలో సగం మా తరానిది.

ఇక అసలు విషయం. ఆ కుర్రాడు వెళ్లిపోయాక, ఈసారి పద్ధతిగా అప్రెంటిస్‌గా ఒకణ్ణి పెట్టుకుందామనుకున్నాను. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. 2019లో నిబంధనలు మార్చి, చదువును బట్టి నెలకు కనీసం 5 వేల నుంచి 9 వేల దాకా స్టైపెండు ఇవ్వాలన్నారు. అందులో నాలుగో వంతు, నెలకు 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది. ఆ వాటా ఇప్పుడు నేరుగా పిల్లవాడి ఖాతాలోనే పడుతోంది. గడువు పూర్తిచేసి పరీక్ష పాసైతే దేశమంతా చెల్లే సర్టిఫికెట్ వస్తుంది. ఆ "రేపు" కాగితం మీదైనా కనపడేది ఇందులోనే. మా తమ్ముడి కూతురు ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపుతూ "మీ షెడ్డులో ఎంతమంది పెదనాన్నా?" అంది. ముగ్గురం అన్నాను. "అయితే కుదరదు" అంది.

30 మంది, ఆ పైన ఉంటే అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. 4 నుంచి 29 మంది ఉంటే ఇష్టమైతే తీసుకోవచ్చు. నలుగురికి తక్కువైతే ఆ చట్టంలో మాకు చోటే లేదు. మా వీధిలో షెడ్డు తర్వాత షెడ్డు ఇద్దరు, ముగ్గురు మనుషులతో నడిచేవే. నాలుగోవాణ్ణి తెచ్చుకోవడానికే మాకు అప్రెంటిస్ కావాలి. అప్రెంటిస్ కావాలంటే ముందు నాలుగోవాడు ఉండాలి!

పీఎం విశ్వకర్మలో ఏమైనా ఉందేమో అని అదీ చూశాను. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఆ పథకంలో 18 చేతివృత్తులున్నాయి. కమ్మరి ఉన్నాడు, వడ్రంగి ఉన్నాడు, తాళాలు చేసేవాడూ ఉన్నాడు. మంచిదే. లేత్ పనివాడు లేడు. మేం కమ్మరికి ఎక్కువ, కంపెనీకి తక్కువ.

నేనడిగేది ఇదీ. మా వీధిలోని పది పదిహేను షెడ్లను కలిపి ఒకే సంస్థగా లెక్కించే వెసులుబాటు ఇప్పించండి. కలిపితే ముప్పై నలభై మందిమవుతాం. కుర్రాడు ఒక్క యజమాని దగ్గరే ఇరుక్కోకుండా ఆరు నెలలు లేత్ మీద, ఆరు నెలలు వెల్డింగ్‌లో, ఆ తర్వాత గేర్ బాక్సుల షెడ్డులో తిరగనీండి. కాగితాల పని మాకు చేతకాదు. ఆ బాధ్యత ఊళ్లోనే ఉన్న ప్రభుత్వ ఐటీఐకి అప్పగించండి. అక్కడి మాస్టారు నెలకోసారి వచ్చి, పిల్లవాడు ఏం నేర్చుకున్నాడో, మేం టీలు మోయిస్తున్నామో చూసిపోవాలి. మోయిస్తుంటే మా పేరు కొట్టేయండి. అప్రెంటిస్ వ్యవహారం మీ శాఖదా, నైపుణ్యాభివృద్ధి వాళ్లదా అన్నది మీరూ మీరూ తేల్చుకోండి. చట్టాన్ని ఢిల్లీలో మార్చాలంటారా, ఆ ఉత్తరమేదో మీరు రాయండి. నేను రాస్తే ఎవరు చదువుతారు?

ఇంకొకటి, వీధికొక మరుగుదొడ్డి. దీనికి చట్టం మార్చక్కర్లేదు.

2025లో మన రాష్ట్రం ఫ్యాక్టరీల్లో రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచాలని నిర్ణయించినప్పుడు మా టీ బండి దగ్గర చాలామంది సంబరపడ్డారు, పిల్లలకు ఇప్పుడు బుద్ధొస్తుందని. వారానికి 48 గంటల కట్టుబాటు అలాగే ఉందని వాళ్లకు చెప్పినా వినిపించుకోలేదు. మాలాంటి షెడ్లకు గంటలు పెంచడం వల్ల ఒరిగేదేమీ లేదు. పదో గంటలో నిలబడటానికి మనిషుండాలి కదా.

మా మేస్త్రికి యాభై ఎనిమిది. మోకాళ్లు అరిగాయి, బల్ల వేసుకుని కూర్చుని పనిచేస్తున్నాడు. చక్ తిరుగుతుంటే శబ్దాన్ని బట్టి టూలు ఎప్పుడు మార్చాలో కళ్లు మూసుకుని చెబుతాడు. ఆయనకు తెలిసింది రాసిపెట్టుకునే వీలు లేదు. పక్కన ఒకడు నిలబడి వినాలి, రెండు చెవులతో.

ఆ కుర్రాడు పోయిన నెల ఫోను చేశాడు. ఆదివారాలు ఖాళీగా ఉంటే వచ్చి మిషను మీద చెయ్యి ఆడించుకోవచ్చా అని అడిగాడు. రమ్మన్నాను. మూడు వారాలుగా వస్తున్నాడు, పదిన్నరకి. నేనూ ఇప్పుడు ఆదివారం పదిన్నరకే షెడ్డు తీస్తున్నాను. వాడికి నేనిచ్చే డబ్బు ఏ ఖాతాలో రాయాలో, వాణ్ణి ఏమని పిలవాలో మీ రిజిస్టర్లలో ఎక్కడా లేదు. ఆ గడి ఒక్కటి తెరిపించండి.

ఇట్లు,
ఒక లేత్ షెడ్డు యజమాని
జవహర్ ఆటోనగర్, విజయవాడ