వార్సాలో కడుపు నింపుకునే దారి

హన్మకొండ

ప్రియమైన బావా,

నీ ఉత్తరం చదివాను. పగలు బ్రెడ్డు, రాత్రి పాకెట్ నూడుల్స్, ఆదివారం మాత్రం ఇండియన్ రెస్టారెంటులో ఒక బిర్యానీ అని నువ్వు రాసిన లెక్క చూశాక, డబ్బు పోతున్నా రుచి దక్కడం లేదన్న సంగతి నువ్వు చెప్పకముందే అర్థమైంది. అక్కడివాళ్ల నాలుకకు తగ్గట్టు కారం తగ్గించి, పైన క్రీము పోసి ఇచ్చే కూరకు అంత ధర పెట్టనవసరం లేదని నేను పోలండ్ రాజధాని వార్సాలో ఉద్యోగం చేసిన కాలంలోనే తేల్చుకున్నాను. ఆ నగరంలో పింఛను మీద బతికే ముసలివాళ్లు, విద్యార్థులు, పనివాళ్లు మధ్యాహ్నం ఎక్కడ వరుస కడతారో నువ్వూ అక్కడే వరుసలో నిలబడాలని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ చోటును పోలిష్‌లో బార్ మ్లెచ్నీ అంటారు, అంటే పాల బారు. బారు అన్న మాట విని మీ అమ్మ కంగారు పడకుండా ముందే చెప్పి పెట్టు, అక్కడ మందు అమ్మరు. వార్సాలో మొదటి పాల బారును 1896లో స్తనిస్వావ్ ద్వుజెవ్‌స్కీ అనే భూస్వామి నోవీ ష్వియాత్ వీధిలో తెరిచాడని చెబుతారు. పాడి ఉన్నవాడు కనుక పాలు, పెరుగు, గుడ్లు, పిండి వంటలతో భోజనం పెట్టాడు, మాంసం జోలికి పోలేదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వం ఈ పద్ధతిని దేశమంతా పెంచి, కార్మికులకు చౌకగా వేడి భోజనం దొరికే ఏర్పాటుగా మార్చింది. 1989లో వ్యవస్థ మారాక చాలా వరకు మూతపడ్డాయి. మిగిలినవి నిలబడటానికి ప్రధాన కారణం ప్రభుత్వం ఇప్పటికీ ఇస్తున్న సబ్సిడీ. పాలు, పిండి, కూరగాయలు, గింజధాన్యాల వంటి మాంసం లేని సరుకులతో వండిన వంటకాలకే ఆ సబ్సిడీ వర్తిస్తుంది కాబట్టి, బోర్డు మీద మాంసం వంటకాలు ఉన్నా అసలు చౌక అంతా శాకాహారంలోనే ఉంటుంది. కోడి, మేక తప్ప మరేదీ ముట్టని నీలాంటివాడికి ఇంతకంటే అనుకూలమైన దేశపు విధానం ఇంకొకటి ఉంటుందని నేను అనుకోను.

ఆ సబ్సిడీకి ఒక వింత చరిత్ర కూడా ఉంది. 2015లో ఆర్థిక శాఖ తెచ్చిన నిబంధనలో సబ్సిడీ వర్తించే సరుకుల జాబితాలో మసాలా దినుసులు లేకపోవడంతో, మిరియం వేస్తే సబ్సిడీ పోతుందేమోనన్న పరిస్థితి ఏర్పడింది. గోల జరిగాక దాన్ని సవరించారు. మిరియం లేకుండా వంట చేయమని ఇక్కడ ఎవరైనా జీవో తెస్తే వరంగల్ చౌరస్తాలో ఏమవుతుందో ఊహించుకో.

లోపలికి వెళ్లే పద్ధతి మొదట్లో తికమకగా ఉంటుంది కనుక వివరంగా రాస్తున్నాను. ఎవరూ వచ్చి నిన్ను కూర్చోబెట్టరు, ఎవరూ ఏం కావాలని అడగరు. గోడ మీద పెద్ద బోర్డు ఉంటుంది, అందులో వంటకాల పేర్లు, ధరలు పోలిష్‌లోనే ఉంటాయి. వరుసలో నిలబడి గల్లా దగ్గరికి చేరేలోపు కావలసినవి మనసులో ఖాయం చేసుకోవాలి, ఎందుకంటే అక్కడ కూర్చున్న పెద్దావిడ ఆలోచించుకునే వాళ్లను చూస్తే సహించదు. డబ్బు కట్టగానే రసీదు ఇస్తుంది. దాన్ని తీసుకెళ్లి వంటగది కిటికీలో పెట్టి పక్కకు జరగాలి. కొద్దిసేపటికి లోపలి నుంచి వంటకం పేరు కేక వేస్తారు, నీ పేరు కాదు. అందువల్ల నువ్వు అడిగిన వంటకం పేరు చెవికి పట్టేలా నేర్చుకోకపోతే నీ సూపు చల్లారిపోతుంది. తిన్న తరువాత పళ్లెం, గిన్నె నువ్వే తీసుకెళ్లి ఎంగిలి గిన్నెల కిటికీ దగ్గర పెట్టాలి. బల్ల ఖాళీ లేకపోతే ఎదుటివాళ్లను ఒక మాట అడిగి వాళ్ల బల్ల దగ్గరే కూర్చోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. చాలా చోట్ల సాయంత్రానికే తలుపులు మూస్తారు కనుక రాత్రి భోజనానికి వీటిని నమ్ముకోకు. ఒంటిగంటకు ముందే వెళ్లడం అన్నిటికంటే మేలు, ఎందుకంటే మంచివి ముందే అయిపోతాయి.

ఎక్కడికి వెళ్లాలంటే, క్రుచా వీధిలో బంబీనో ఉంది, మర్షల్కోవ్‌స్కా వీధిలో ప్రసోవీ ఉంది, పాత నగరం కోటగోడ పక్కన పొద్ బర్బకనెమ్ ఉంది. చివరిదానికి పర్యాటకులు ఎక్కువ వస్తారు, అయినా కిటికీ దగ్గర వరుసలో ఆ పేటలోని ముసలమ్మలు కూడా ఉంటారు కనుక నమ్మవచ్చు. ప్రసోవీ మీద నాకు ప్రత్యేకమైన గౌరవం ఉంది. 2011 చివర్లో దాన్ని మూసేస్తే, కొందరు కార్యకర్తలు లోపలికి ప్రవేశించి తామే వండి వడ్డించి నిరసన తెలిపారు. తరువాత అది మళ్లీ తెరుచుకుంది. ఒక భోజనశాల కోసం ఊరివాళ్లు అంత పట్టుబట్టారంటే అక్కడి వంట ఎలాంటిదో వేరే చెప్పాలా?

ఇక తిండి సంగతికి వస్తాను. మొదటిరోజు పియెరోగి రుస్కియె అడుగు. గోధుమపిండి చపాతీలా వత్తి, ఉడికించిన ఆలుగడ్డ, త్వారుగ్ అనే విరిగిన పాల జున్ను, వేయించిన ఉల్లిగడ్డ కలిపి లోపల పెట్టి, గరిజెల ఆకారంలో మడిచి నీళ్లలో ఉడికిస్తారు. రుచి చప్పగానే ఉంటుంది, దాచను. అయితే మన చేతి సంచిలో ఎల్లిపాయ కారం ఉంటుంది కదా, దాన్ని పక్కన చిటికెడు పెట్టుకుంటే ఇంకేమీ అడగవు. ఇక్కడే ఒక హెచ్చరిక కూడా ఉంది: దాని మీద స్క్వార్కి అనే వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లే అలవాటు ఉంది. గల్లా దగ్గరే "బెస్ స్క్వారెక్" అని చెప్పు, అవి వద్దని అర్థం. కరిగించిన వెన్న అడిగితే అది పోసి ఇస్తారు. బోర్డు మీద వియెప్షొవినా అని కనిపిస్తే అది పంది, వొవొవినా అంటే ఎద్దు మాంసం, కుర్‌చాక్ అంటే కోడి. బీగొస్ అన్నది క్యాబేజీ కూరలా కనిపిస్తుంది గాని అందులో రకరకాల మాంసం ఉంటుంది. సూపుల్లో ముక్కలు లేకపోయినా మాంసం ఉడికించిన నీళ్లతో చేసినవి ఉంటాయి కనుక, పట్టింపు ఉంటే "చి తో యెస్ట్ జ్ మియెన్సెమ్" అని అడుగు, ఇందులో మాంసం ఉందా అని.

సూపుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది జూరెక్. రై అనే ధాన్యం పిండిని నీళ్లలో కలిపి, వెల్లుల్లి, బగారా ఆకు వేసి కొన్ని రోజులు పులియనిచ్చి, ఆ పులిసిన నీటితో కాస్తారు. మొదటి గుటక పడగానే ఎండకాలం మా నాయనమ్మ మట్టికుండలో పులియబెట్టి పోసిన అంబలి గుర్తుకు వచ్చింది. ఆ పులుపు మనకు కొత్తది కాదు. మామూలుగా అందులో తెల్ల సాసేజి, ఉడికిన గుడ్డు వేస్తారు. సాసేజి పందిది, కనుక వద్దని చెప్పి గుడ్డు ఉంచుకోవాలి. టమాట సూపు కూడా మంచిదే, కొన్ని చోట్ల అందులో అన్నం మెతుకులు వేసి ఇస్తారు. ఆదివారం ఇళ్లలో కోడి సూపు కాచుకోవడం, సోమవారం మిగిలినదాంట్లో టమాట వేసి ఇంకో సూపు చేయడం అక్కడి ఆనవాయితీ. మన ఇళ్లలో మాత్రం రాత్రి అన్నం పొద్దున పోపు వేసుకోమా?

అన్నం మీద బెంగ ఉన్న రోజున కాషా తిను. కాషా అంటే ఉడికించిన గింజధాన్యం. కాషా గ్రిచానా అన్నది ఉత్తరాదివాళ్లు ఉపవాసానికి తినే కుట్టు గింజ, గోధుమరంగులో కాస్త వేయించిన వాసన వేస్తుంది, పుట్టగొడుగుల పులుసు పోసుకుంటే కడుపు గట్టిగా నిండుతుంది. కాషా యగ్లానా అన్నది అచ్చంగా మన వరిగలే. మన దగ్గర ఇప్పుడు షుగరు ఉన్నవాళ్ల కోసమని చిరుధాన్యాల దుకాణాల్లో ఎంత ధరకు అమ్ముతున్నారో నీకు తెలుసు. అక్కడ అది ఏ సూపర్ మార్కెట్లోనైనా సాదా పాకెట్లో దొరుకుతుంది, రాత్రి గదిలో వండుకోవడానికి నూడుల్స్ కంటే వెయ్యి రెట్లు నయం.

ఎండాకాలం వచ్చాక ఖ్వోద్నిక్ అడగడం మరిచిపోకు. లేత బీట్‌రూట్‌ను ఆకులతో సహా ఉడికించి చల్లార్చి, పులిసిన పాలలో గానీ చల్లలో గానీ కలిపి, కీరదోస, ముల్లంగి, సోయకూర తరిగి వేసి, ఉడికిన గుడ్డుతో చల్లగా ఇస్తారు. సోయకూర అక్కడ అన్నిటిలోనూ పడుతుంది, దాన్ని కోపెర్ అంటారు. లేత ఆలుగడ్డలు ఉడికించి మీద సోయకూర చల్లి పక్కన ఒక గ్లాసు చల్ల పెడితే అదే వాళ్లకు జూలై నెల భోజనం. చల్లకు వాళ్ల పేరు మష్లాంకా, పెరుగన్నం లేని లోటు తీరాలంటే దాన్నే పట్టుకో. ఇక్కడికి వచ్చాక ఏప్రిల్, మే ఎండలకు నేను ఖ్వోద్నిక్ చేస్తున్నాను. మా ఆవిడ పోపు పెట్టకుండా ఒప్పుకోలేదు, పిల్లలు రంగు చూసి పారిపోయారు. పోపు పెట్టాక బాగానే ఉందని చెప్పక తప్పదు.

ఆలుగడ్డ తురుమి కాల్చే ప్లాట్స్కి, తీపి త్వారుగ్ చుట్టి ఇచ్చే నలెష్నికి, కొపిత్కా అనే ఆలుగడ్డ ముద్దలు నువ్వే తెలుసుకుంటావు. తాగడానికి కొంపోత్ తీసుకో, పండ్లు నీళ్లలో ఉడికించి చల్లార్చిన పలుచని రసం, శీతల పానీయాల కంటే చౌక.

పాల బార్లు కాకుండా ఇంకొక దారి వియత్నాం వాళ్ల కొట్లు. వార్సాలో వియత్నామీయులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1990ల నుంచి విస్తులా నది అవతల దశాబ్ది స్టేడియం అనే పాత ఆటస్థలంలో జరిగిన భారీ బజారులో వాళ్ల వ్యాపారం నడిచింది. 2012 యూరో ఫుట్‌బాల్ పోటీల కోసం అక్కడ జాతీయ స్టేడియం కట్టడంతో బజారు చెదిరి, కొందరు బకలర్‌స్కా వీధి మార్కెట్‌కు, కొందరు నగరం బయట వూల్కా కొసోవ్‌స్కాకు చేరారు. పచ్చిమిరపకాయలు, కొత్తిమీర, అల్లం, బియ్యం వియత్నాం వాళ్ల కొట్లలోనే కొనుక్కో. ఇండియన్ దుకాణంలో వీటి ధర చూసి కళ్లు తిరిగి ఉంటాయి నీకు. వేడి అన్నం మీద కోడి కూరతో పెద్ద పళ్లెం కూడా ఆ కొట్లలో దొరుకుతుంది, కారం అడిగితే నిజంగానే వేస్తారు.

అమ్మ సంగతి చెప్పాలి. మొన్న కాజీపేట వెళ్లినప్పుడు కలిశాను. కొడుకు సన్నబడ్డాడని ఫొటో చూసి ఒకటే బాధ. సకినాలు, మక్క గారెలు, ఒక సీసా నెయ్యి పార్సిల్ కట్టడానికి సిద్ధంగా ఉంది. సకినాలు, గారెలు రానివ్వు. నెయ్యి మాత్రం వద్దని నువ్వే ఫోనులో చెప్పాలి, నా మాట వినలేదు. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం సొంత వాడకానికి కూడా పంపకూడదు, కస్టమ్స్‌లో పట్టుకుంటే పారవేస్తారు. మాంసం పచ్చడికి కూడా ఇదే వర్తిస్తుంది. మస్వో ఎక్స్‌ట్రా అని రాసి ఉన్న వెన్న కొను, అందులో 82 శాతం కొవ్వు ఉంటుంది, ఉప్పు లేనిది చూసి తీసుకుని సన్నని మంట మీద కాస్తే మంచి నెయ్యి వస్తుంది. ఎల్లిపాయ కారం, చింతపండు, పసుపు ఎంత కావాలో నాకు రాయి. ఆదివారం మళ్లీ కాజీపేట వెళ్తున్నాను, పార్సిల్ కట్టేటప్పుడు పక్కనే ఉంటాను.

నీ స్నేహితుడు