టీకాల రోజే తుంటి కూడా చూడండి

సంపాదకులకు నమస్కారం.

మా మనవరాలు కాన్పులో ఎదురుకాళ్లతో పుట్టింది. నీళ్లు పోసింది నేనే. కాళ్లు చాపి కూర్చుని, పాపను కాళ్లమీద వేసుకుని, ఆముదం రాసి, సాంబ్రాణి పొగ పట్టి, పాత నూలు చీర ముక్కలో రెండు కాళ్లూ నిటారుగా పెట్టి బిగించి చుట్టేదాన్ని. వంకర కాళ్లు రాకూడదని మా అమ్మ నేర్పింది. ఎడమ తొడ మీద ఒక మడత ఎక్కువ ఉండేది. బొద్దుగా ఉందిలే అనుకున్నా.

14వ నెలలో అడుగులేసింది, ఎడమవైపు ఒరుగుతూ. బాతు నడక అని అందరం నవ్వుకున్నాం. ఎక్స్‌రే తీస్తే తొడ ఎముక పైకొసన ఉండే గుండు తుంటి గిన్నెలో లేదు, పైకి జారిపోయి ఉంది.

పుట్టిన బిడ్డకు తుంటి గిన్నె లోతు తక్కువ, చాలా భాగం ఇంకా ఎముకగా మారని మెత్తటి మృదులాస్థే అని డాక్టరమ్మ చెప్పింది. గుండు అందులో కుదురుగా కూర్చుని కదులుతుంటేనే గిన్నె దాని చుట్టూ గుండ్రంగా, లోతుగా పెరుగుతుందంట. నాకు మా రుబ్బురోలు గుర్తొచ్చింది. కాకపోతే రోలు అరిగి లోతవుతుంది, ఇది పెరిగి. గుండు బయటుంటే గిన్నె పళ్లెంలా మిగిలిపోతుంది. అక్కడ కలిసే మూడు ఎముకలు పదమూడు, పదహారేళ్ల మధ్య అతుక్కుపోతాయి. ఆపైన దానంతటది మారదు.

ఆరు నెలల్లోపు తెలిసుంటే కాళ్లు కప్పలా మడిచి ఉంచే బెల్టుతో చాలామందికి కుదురుకుంటుందంట. మాకు మత్తుమందిచ్చి గుండును కూర్చోబెట్టి, ఛాతీ కింది నుంచి కాళ్ల దాకా పిండికట్టు వేశారు. మూడు నెలలు. అదీ కడప ఎండాకాలంలో! కట్టు లోపల దురద, ఏడుపు, రాత్రంతా విసనకర్ర.

పిల్లల్లో పుట్టు లోపాలను ముందే కనిపెట్టడానికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం 2013లో మొదలైంది. దాని జాబితాలో ఈ తుంటి లోపం కూడా ఉంది. మేము 6, 10, 14 వారాల టీకాలకు మూడుసార్లూ పోయాం. తొడలు విప్పి చూసినవాళ్లు లేరు. రెండు నిమిషాల పని. ఎదురుకాళ్లతో పుట్టిన ఆడపిల్లలకైతే ఆరువారాలప్పుడే స్కానింగ్ రాయాలి. అప్పటికి గుండు ఇంకా ఎముక కాదు కాబట్టి ఎక్స్‌రేలో సరిగా కనపడదు.

అమ్మమ్మలకూ ఒక మాట. చుట్టేటప్పుడు నడుము కింద వదులుగా వదలండి, కాళ్లు మడుచుకోనివ్వండి. మెడ నిలిచాక చంకనెత్తుకోండి, తొడలు విచ్చుకుని ఉండటం తుంటికి మంచిదే.

– ఒక అమ్మమ్మ, ఎర్రముక్కపల్లె, కడప