తోలు మీద గీత దింపడం నేర్పించండి: నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారాలు. ఆత్మకూరులో పాతికేళ్లుగా తోలు సంచులు, పర్సులు, చెప్పులు కుట్టి బతుకుతున్న నేను, మా వృత్తివారికి ఇస్తున్న శిక్షణలోని ఒక లోటును మీ దృష్టికి తేవడానికి ఈ లేఖ రాస్తున్నాను. నేను చూసినంతలో కోయడం నేర్పుతున్నారు, కుట్టడం నేర్పుతున్నారు. కాగితం మీది నమూనాను తోలు మీదికి దింపడం మాత్రం నేర్పడం లేదు. పని నిలిచేదీ, చెడేదీ అక్కడే.

మూడేళ్ల కిందట నేను వెళ్లిన ఒక శిక్షణలో, నమూనా కింద కార్బన్ కాగితం పెట్టి గీయమని ఒక్క మాటలో చెప్పి ముగించారు. అది నమ్మి, ఒక పెళ్లివారు అడిగిన 30 పర్సుల మీద నెమళ్లను దింపాను. ఆ మసి తోలు రంధ్రాల్లోకి దిగిపోయి, తుడిచినకొద్దీ నెమలి మెడ చుట్టూ బూడిదరంగు మరకగా పరుచుకుంది. ఒక్క పర్సు కూడా వారికి ఇవ్వలేకపోయాను.

ఆ తరువాత తెలిసినవారి దగ్గర కూర్చుని అసలు పద్ధతి నేర్చుకున్నాను. తంగేడు చెక్కతోనో కరక్కాయతోనో పదును చేసిన తోలును స్పాంజితో తడిపి, పై తడి ఇంకి తోలు మళ్లీ తన రంగుకు తిరుగుతున్న వేళ, ట్రేసింగ్ ఫిల్మ్ మీద గీసుకున్న నమూనాను పైన పరిచి, సిరా అయిపోయిన పెన్నుతో గీతల వెంట నొక్కుకుంటూ పోతే, ఫిల్మ్ ఎత్తేసరికి తోలు మీద సన్నని పల్లపు గీత నిలిచి ఉంటుంది. తడి ఎక్కువైతే గీత ఉబ్బి చెరిగిపోతుంది, తక్కువైతే పడనే పడదు. ఫిల్మ్ కదలకుండా ఇనుప ముక్క పెట్టామా, ఆ చోట నల్లమచ్చ తేలుతుంది. కలంకారీవారు కరక్కాయ పెట్టిన బట్ట మీద ఇనుప తుప్పు నీటితో నలుపు తెచ్చే గుణం ఇదే. క్రోమియం ఉప్పులతో పదును చేసిన క్రోమ్ తోలు నొక్కును పట్టుకోదు కాబట్టి దాని మీద వెండిరంగు పెన్నుతో గీయాలి. ప్రింటరు అచ్చును ఇస్త్రీపెట్టెతో దింపాలని చూసే కుర్రవాళ్లకు, తంగేడు తోలు తడిగా ఉంటే 70-85 డిగ్రీల వేడికే ముడుచుకుపోతుందని, అచ్చును అద్దంలో కనిపించినట్టు తిరగేసి తీయకపోతే పేరులోని అక్షరాలు కుడిఎడమలుగా తిరగబడతాయని చెప్పేవారు లేరు.

తోలుబొమ్మలవారిది మరో దారి. వెంట్రుకలు తీసి, బిగించి ఆరబెట్టిన మేకతోలులోంచి వెలుగు కనబడుతుంది కనుక, పాత బొమ్మను కిందపెట్టి దాని గీతలను పైతోలు మీదికి ఎత్తుకుంటారు. అంటే పాత బొమ్మే కొత్త బొమ్మకు నమూనా. ఆ పాతవి మడతల దగ్గర చిట్లిపోతున్నాయి. ఫోనుతో ఫొటో తీస్తే చాలదు. నిలువెత్తు రాముడి బొమ్మకు అంచుల దగ్గర కొలత మారిపోతుంది.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో చెప్పులు కుట్టేవారూ ఉన్నారు, బొమ్మలు చేసేవారూ ఉన్నారు. అందులో ప్రాథమిక శిక్షణ 5 నుంచి 7 రోజులు, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం ఉంది. మన జిల్లాలో జరిగే శిక్షణలో ఒక పూర్తి రోజును నమూనా దింపడానికే కేటాయించి, అభ్యాసానికి అట్టముక్కలు కాకుండా నిజమైన తంగేడు తోలు ముక్కలు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ మనకు ఒక్క పూట ప్రయాణం. అక్కడి నిపుణులలో ఒకరిని ఆ రోజుకు రప్పించవచ్చు.

దానితోపాటు నెల్లూరులో ఒక గది, అందులో కింద దీపం వెలిగే గాజుబల్ల ఒకటి ఏర్పాటు చేయించండి. ఇళ్లలో మిగిలిన పాత తోలుబొమ్మలను యజమానుల అనుమతితో అసలు కొలతలోనే ఫిల్మ్ మీదికి ఎత్తి అక్కడ భద్రపరచవచ్చు. ఆ గది తెరిచిన నాటి నుంచి వారానికి రెండు రోజులు వచ్చి, కూలి అడగకుండా ఆ గీతలు ఎత్తే పని చేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక తోలు పనివాడు,
ఆత్మకూరు.