వాడపల్లి రథం, మాంచెస్టర్ మైదానం

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ కాలేజీ పిల్లలకు ‘పీటర్లూ’ సినిమా వేసి చూపించడం దండగ అంటూ ఒక పాఠకుడు రాసిన లేఖ మీ పత్రికలో చదివాను. ఎప్పుడో ఇంగ్లండులో జరిగిన గొడవ మన పిల్లలకెందుకు, రెండున్నర గంటలు ఉపన్యాసాలు వింటే ఒరిగేదేమిటి అన్నది ఆయన వాదన. ఉపన్యాసాలు ఎక్కువన్నది నిజమే. నాకూ మధ్యలో లేచి టీ తాగి రావాలనిపించింది. కానీ దండగ అంటే మాత్రం ఒప్పుకోలేను. గోదావరి జిల్లాల వాళ్లు ప్రత్యేకంగా చూడాల్సిన సినిమా అది.

చూడనివాళ్ల కోసం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1819 ఆగస్టు 16న మాంచెస్టర్‌లోని సెయింట్ పీటర్స్ ఫీల్డ్ అనే మైదానానికి సుమారు 60 వేల మంది వచ్చారు. నూలు మిల్లులతో అంత పెద్దదైన ఆ ఊరికి పార్లమెంటులో ఒక్క సభ్యుడూ లేడు. ఓల్డ్ సారమ్ అనే పాడుబడిన దిబ్బ తరఫున మాత్రం ఇద్దరు కూర్చునేవారు. మాకూ ఓటు కావాలి, మా ఊరికీ ప్రతినిధి కావాలి అన్నదే సభ. ఓటు హక్కు కోసం ఊరూరా ఉపన్యాసాలిచ్చే హెన్రీ హంట్ మాట్లాడటం మొదలుపెట్టగానే ఆయన్ని అరెస్టు చేయమని మేజిస్ట్రేట్లు ఉత్తర్వు ఇచ్చారు. ముందు స్థానిక గుర్రపు దళం, వెనకాల సైన్యం కత్తులు దూసి జనంలోకి దిగాయి. 18 మంది దాకా చనిపోయారు, 600 మందికి పైగా గాయపడ్డారు. నాలుగేళ్ల కిందట వాటర్లూలో నెపోలియన్‌ని ఓడించిన ప్రభుత్వం ఇప్పుడు సొంత జనం మీద గెలిచిందని ఎద్దేవా చేస్తూ దీనికి పీటర్లూ అని పేరు పెట్టారు. మైక్ లీ 2018లో సినిమా తీశారు.

నన్ను పట్టుకున్నది అందులోని తిండి లెక్క. సినిమాలో చూపించిన కూలి కుటుంబంలో తల్లి తను కాల్చిన తినుబండారాలు సంతలో అమ్ముకుంటుంది, మగవాళ్ల కూలి ఎటూ చాలదు. 1815లో ఒక ధాన్యం చట్టం వచ్చింది. దేశంలో గోధుమ ధర క్వార్టరుకు (అది అక్కడి ధాన్యం కొలత) 80 షిల్లింగులు దాటితే తప్ప బయటి గోధుమ రానివ్వకూడదు. మన దగ్గర ఎవరైనా ఈ మాట వింటే, మంచిదేగా, రైతుకు గిట్టుబాటు ధర దక్కుతుంది అంటారు. తిరకాసు అక్కడే ఉంది. పెరిగిన ధరలో పెద్ద వాటా పోయేది పార్లమెంటులో కూర్చున్న భూస్వాములకి. పంట పండించేది ఒకరు, దాని మీద తినేది మరొకరు అన్న సంగతి ఇంతమంది కౌలు రైతులున్న మన డెల్టాలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ సభకు వచ్చినవాళ్లలో చేనేతవాళ్లు చాలామంది. వాళ్లని చూస్తుంటే నరసాపురం పక్కనున్న మాధవాయపాలెం గుర్తుకొచ్చింది. ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తక కొఠీ పెట్టి మన నేతగాళ్ల బట్టను ఓడలకెత్తేది. తర్వాత ఆ ఊరి పేరుతోనే మాంచెస్టర్ చుట్టుపక్కల లాంకషైర్ ప్రాంతపు మిల్లులు బట్ట నేసి అమ్ముకున్నాయి. మిల్లు బట్ట ముందు అక్కడి చేతిమగ్గమూ నిలబడలేదు, ఇక్కడి చేతిమగ్గమూ నిలబడలేదు. ఇంగ్లండు గొడవ మనకెందుకు అన్నవారు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

ఇక సభకు వచ్చిన జనం. ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని, బ్యాండు మేళంతో, జెండాలతో పల్లెల నుంచి నడిచొచ్చారు. గలాటా చేయొద్దని, వరసలు తప్పొద్దని ముందే అభ్యాసం చేశారు. ఆ క్రమశిక్షణ చూసే మేజిస్ట్రేట్లు ఎక్కువ బెదిరారు. చెదురుమదురుగా అరిచే గుంపుకి వాళ్లు అలవాటుపడ్డారు, బుద్ధిగా నడిచొచ్చే జనానికి కాదు. మొదటి ప్రాణం రెండేళ్ల పసివాడిది. మైదానం దాకా కూడా పోలేదు, వీధిలో గుర్రం తగిలి తల్లి చేతుల్లోంచి జారిపడ్డాడు. గాయపడ్డవాళ్లలో నాలుగోవంతు మంది ఆడవాళ్లే.

ఇలా తిరునాళ్లకి వచ్చినట్టు వచ్చిన జనం మీద మన దగ్గర కూడా తుపాకులు పేలాయి. మా రావులపాలెం నుంచి ఎంతో దూరం లేని వాడపల్లిలో, 1931 మార్చిలో. గాంధీ-ఇర్విన్ ఒప్పందం కుదిరిన నెల అది. ఇక గొడవలు సద్దుమణిగినట్టేనని అందరూ అనుకుంటున్న రోజులు. వేంకటేశ్వరస్వామి రథోత్సవంలో రథానికి గాంధీ పటం పెట్టారు. పోలీసులు వద్దన్నారు, జనం వినలేదు. కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. దేవుడి రథం లాగడానికి వచ్చినవాళ్లవి! అదే ఏడాది గాంధీ లాంకషైర్ వెళ్లి, ఖద్దరు ఉద్యమం వల్ల మా పని పోయిందంటున్న మిల్లు కార్మికుల మధ్య నిలబడి మాట్లాడారు.

ఇప్పుడు వాడపల్లికి శనివారం శనివారం ఎంత జనం వస్తున్నారో మీ పత్రికే ఫొటోలతో వేస్తోంది. ఏడు శనివారాల మొక్కు కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు, తిరుగు దారిలో ఆత్రేయపురం పూతరేకులు కొనుక్కుని వెళ్తారు. క్యూలో గంటలకొద్దీ నిలబడే ఆ భక్తుల్లో ఈ కాల్పుల సంగతి తెలిసినవాళ్లు ఎంతమంది?

మాంచెస్టర్ వాళ్లేమీ మనకంటే గొప్పగా వెలగబెట్టలేదు. ఆ స్థలంలో చాలాకాలం ఉన్న పలకలో, సైన్యం జనాన్ని చెదరగొట్టిందని ఉండేదే గాని చావుల మాటే లేదు. ఊరివాళ్లు పోరగా పోరగా 2007లో దాన్ని మార్చారు. రెండు వందల ఏళ్లు నిండాక 2019లో స్మారకం కట్టి, పోయినవాళ్ల పేర్లు, వాళ్ల ఊళ్లు రాతి మీద చెక్కారు. అది మెట్లు మెట్లుగా కట్టారు కాబట్టి వీల్‌చైర్ వాళ్లు ఎక్కేదెలా అని మళ్లీ గొడవ. ఆ గొడవా మంచిదే, జనం పట్టించుకుంటున్నారని అర్థం.

సినిమాలో హీరో లేడన్నది ఆ పాఠకుడి ఇంకో ఫిర్యాదు. నాకు నచ్చిందే అది. హంట్‌ని కూడా కాస్త డాబుసరి మనిషిగానే చూపించారు. మనవాళ్లు తీస్తే ఆయన్ని తెల్లగుర్రం ఎక్కించి, ఒంటిచేత్తో దళం మొత్తాన్ని నరికించి, పైన ఒక పాట పెట్టేవారు. మైకులు లేని ఆ రోజుల్లో అరవై వేల మందిలో ఎంతమందికి ఆయన మాట చెవిన పడిందో! అయినా వచ్చారు. కథ వాళ్లది. వాడపల్లి మీద రేపు ఎవరైనా సినిమా తీస్తే, రథం తాడు పట్టుకున్నవాళ్ల ఇళ్ల నుంచి కథ మొదలుపెట్టమని నా మనవి.

ఒక మాట మీకు కూడా సంబంధించినది. ఆ రోజు ‘టైమ్స్’ పత్రిక విలేకరి వేదిక మీదే ఉన్నాడు, హంట్‌తోపాటు ఆయన్నీ పట్టుకుపోయారు. అయినా ఆయన రాసినది అచ్చయి లండన్ దాకా తెలిసిపోవడంతో, అల్లరిమూకను అదుపు చేశాం అన్న సర్కారు మాట నిలవలేదు. ఆ డిసెంబరులోనే ఆరు చట్టాలు తెచ్చారు. సభలకు ఆంక్షలు, చవక పత్రికలకు పన్ను. మేజిస్ట్రేట్లకు మాత్రం యువరాజు కృతజ్ఞతలు అందాయి.

అందుకని నేను కోరేవి రెండే. వాడపల్లి క్యూలైన్ల పక్కన, నిలబడ్డ భక్తుడు తీరిగ్గా చదువుకునే ఎత్తులో, 1931లో అక్కడ ఏం జరిగిందో, పోయినవాళ్ల పేర్లేమిటో రాసిన పెద్ద బోర్డును దేవాదాయ శాఖ పెట్టించాలి. వచ్చే చైత్రమాసంలో స్వామి కల్యాణం నాటికైనా జరిగితే సంతోషం. ఆనాటి పత్రికల వార్తలు మీ దగ్గరగాని, పాత గ్రంథాలయాల్లోగాని ఉంటే జిల్లా ఎడిషన్‌లో యథాతథంగా వేయండి.

కాలేజీ వాళ్లు సినిమా ఆపొద్దు. కాకపోతే ఆ లాంకషైర్ యాస ఇంగ్లీషు మాస్టార్లకే సరిగ్గా అందదు. సబ్‌టైటిల్స్ పెట్టి, మధ్యలో ఆపి తెలుగులో చెబుతూ రెండు పూటలుగా వేస్తే నిద్రపోయే పిల్లలు తగ్గుతారు.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రావులపాలెం